మేడమ్ టుట్లీ పుట్లీ: రాత్రి బండిలో ఒంటరిగా వెళ్ళిన ఆడవాళ్ళకి వెంటనే అర్థమయ్యే సినిమా

ముందే చెప్పేస్తున్నా, ఇది బొమ్మల సినిమాయే గానీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూసేది కాదు. నిడివి 17 నిమిషాలు. ఒక్క డైలాగ్ కూడా లేదు కాబట్టి సబ్‌టైటిల్స్ గొడవ లేదు. 'మేడమ్ టుట్లీ పుట్లీ' అని 2007లో కెనడాలో వచ్చింది. తీసింది మాంట్రియల్‌కి చెందిన క్రిస్ లావిస్, మాచెక్ షెర్బోవ్‌స్కీ, తీయించింది అక్కడి ప్రభుత్వ సంస్థ నేషనల్ ఫిల్మ్ బోర్డ్. మరుసటి ఏడాది ఆస్కార్‌లో యానిమేషన్ షార్ట్ ఫిల్మ్ విభాగంలో నామినేట్ అయింది గానీ అవార్డు రాలేదు, ఆ సంగతి తర్వాత చెప్తా. ఫిల్మ్ బోర్డ్ సొంత సైట్‌లో ఉచితంగా పెట్టారు, ఎవరైనా చూడొచ్చు.

కథ చెప్పమంటే రెండు ముక్కల్లో అయిపోతుంది. పాతకాలపు టోపీ పెట్టుకున్న ఒకావిడ కొండంత సామాను పక్కన పెట్టుకుని రైలు కోసం ఎదురుచూస్తుంటుంది. రైలెక్కుతుంది. పెట్టెలో తోడున్న వాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో రకం. చీకటి పడుతుంది, బండి ఎక్కడో మధ్యలో ఆగిపోతుంది, ఆ తర్వాత జరిగేది కలో నిజమో, ఆవిడ బతికుందో లేదో చూసేవాళ్ళు తేల్చుకోవాల్సిందే. చివరి భాగం గురించి కింద మాట్లాడతా, ముందే తెలియకూడదు అనుకునేవాళ్ళు సినిమా చూసొచ్చి చదవండి, 17 నిమిషాలే కదా.

డార్క్ ఫాంటసీ అనగానే దయ్యాలు, మాంత్రికులు, వికృతమైన జంతువులు ఇలాంటివే అనుకుంటాం. ఇందులో భయం అక్కడ మొదలవ్వదు. ఎదురు సీట్లో కూర్చున్న మగాడితో మొదలవుతుంది. తెల్ల బట్టలు, చేతిలో టెన్నిస్ రాకెట్, చూడ్డానికి పెద్దమనిషి తరహా, ఈవిడ వైపు చూస్తూ వెకిలి సైగలు చేస్తాడు. అప్పటికింకా పగలే, బండి బాగానే నడుస్తోంది, మాయలూ మంత్రాలూ ఏమీ లేవు. నాకు మాత్రం కడుపులో తిప్పడం అక్కడే మొదలైంది. ఈ రివ్యూ రాయడానికి కారణం కూడా ఆ కాసేపే, ఎందుకంటే మేమందరం కలిసి చూసినప్పుడు ఆ సీన్ దగ్గరే రెండు జట్లుగా విడిపోయాం.

విశాఖ ఎంవీపీ కాలనీలో మా స్నేహితురాలి ఇంట్లో గోడ మీద ప్రొజెక్టర్ వేసి చూశాం. స్నేహితురాలు, వాళ్ళాయన, షార్ట్ ఫిల్మ్స్ ఎడిటింగ్ చేసే ఆయన తమ్ముడు, ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకునే వాళ్ళ అమ్మాయి, నాతో వచ్చిన మా పిన్ని, రైల్వేలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరైన మా బాబాయి. గార్డుల్ని 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నారు గానీ మా బాబాయికి ఆ పేరు నచ్చదు, గార్డు అనే అనాలి. రైలు సినిమా అని చెప్తేనే ఆయన వచ్చారు.

సినిమా అవ్వగానే ఎడిటింగ్ కుర్రాడు అన్న మొదటి మాట, "టెక్నికల్‌గా సూపర్, కథే లేదు." వాళ్ళన్నయ్య కూడా అదే పాట. మొదటి ఐదారు నిమిషాలు ఏమీ జరగలేదట, రాత్రయ్యాకే సినిమా మొదలైందట. మా పిన్ని అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. "ఏమీ జరగలేదా? ఆ టెన్నిస్ వాడు కనబడ్డం లేదా మీకు? వాడు దిగిపోతే బాగుండు అని నేను అక్కణ్ణుంచీ అనుకుంటూనే ఉన్నాను" అంది. స్నేహితురాలు, వాళ్ళ అమ్మాయి, నేను ముగ్గురం ఒకేసారి అవును అన్నాం. మగవాళ్ళు ముగ్గురూ ఆ టెన్నిస్ వాణ్ణి కామెడీ క్యారెక్టర్ అనుకున్నారు! పెట్టెలో చదరంగం ఆడే ఇద్దరు ఉంటారు, బండి కుదుపుకి పావులు వాటంతటవే జరుగుతుంటాయి, అది నిజంగా నవ్వొచ్చే సీనే. దాని పక్కనే ఇదీ ఉంది కాబట్టి ఇది కూడా నవ్వించడానికే పెట్టారని అనుకున్నారట.

ఇది వాళ్ళని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. మా పిన్ని ఉద్యోగం సికింద్రాబాద్‌లో, ఇల్లు విశాఖలో, ఏళ్ళ తరబడి ఒంటరిగా రాత్రి బండ్లలో తిరిగిన మనిషి. అప్పట్లో ఫోన్లు లేవు. ఇప్పుడైతే రైల్వే హెల్ప్‌లైన్ 139 ఉంది, 2020 నుంచి 'మేరీ సహేలీ' అని ఆర్పీఎఫ్, అంటే రైల్వే రక్షక దళం ఆడవాళ్ళు ఒంటరిగా వెళ్ళేవాళ్ళ దగ్గరికొచ్చి పలకరించి వెళ్తున్నారు. ఆవిడ రోజుల్లో ఉన్నదల్లా పై బెర్త్ దొరికితే ఎక్కి పడుకోవడం, హ్యాండ్‌బ్యాగ్ తల కింద పెట్టుకోవడం, అనకాపల్లి, తుని, సామర్లకోట అని స్టేషన్లు లెక్కపెట్టుకుంటూ కళ్ళు మూసుకుని నిద్ర నటించడం. ఎదుటివాడు ఏమీ చెయ్యకపోవచ్చు. చూస్తాడు, అంతే. ఆ చూపుకి కంప్లయింట్ ఇవ్వడానికి ఏమీ ఉండదు, పక్కవాళ్ళతో చెప్తే "ఏమన్నాడు?" అంటారు, ఏమీ అనలేదు కదా. సినిమా పట్టుకున్నది సరిగ్గా దాన్నే. ఇద్దరు మగవాళ్ళు తీసినా ఇంత బాగా ఎలా పట్టుకున్నారో అని నాకు చాలా గౌరవం కలిగింది.

అది పట్టుకోగలిగింది కళ్ళ వల్ల. ఈ సినిమా గురించి ఎవరు మాట్లాడినా ముందు కళ్ళ గురించే మాట్లాడతారు, మాట్లాడాలి కూడా. బొమ్మలు స్టాప్ మోషన్, అంటే చేత్తో కొంచెం కదపడం, ఒక ఫోటో తీయడం, మళ్ళీ కదపడం. సెకనుకి 24 ఫ్రేములు లెక్కేస్తే 17 నిమిషాలకి 24 వేలు దాటతాయి, ఒక్కో ఫోటోని రెండేసి ఫ్రేములు ఉంచినా 12 వేల సార్లు బొమ్మని ముట్టుకోవాలి. సినిమాకి ఏళ్ళు పట్టిందంటే ఆశ్చర్యం లేదు. ఇందులో కొత్తేంటంటే, బొమ్మల ముఖాల్లో ఉన్నవి బొమ్మ కళ్ళు కావు, మనుషుల కళ్ళు. జేసన్ వాకర్ అనే చిత్రకారుడు ఈ పద్ధతి కనిపెట్టాడు. బొమ్మ తల ఎటు తిరిగితే నటి తల అటే తిరగాలి, బొమ్మ మీద వెలుగు ఎటు నుంచి పడితే నటి మీద కూడా అటు నుంచే పడాలి, అలా షూట్ చేసి ఆ కళ్ళని కంప్యూటర్‌లో బొమ్మ ముఖానికి అతికించారు.

మనకి గుళ్ళో విగ్రహ ప్రతిష్ఠ చేసేటప్పుడు నేత్రోన్మీలనం అని ఉంటుంది, విగ్రహం పనంతా అయ్యాక కళ్ళు తెరిపిస్తారు, అప్పటిదాకా అది రాయే, ఆ తర్వాతే దేవుడు. ఈ సినిమా చూస్తుంటే నాకు అదే తట్టింది. ముఖం చూస్తే రంగు పులిమిన బొమ్మ అని తెలుస్తూనే ఉంటుంది, బుగ్గ మీద పగుళ్ళు కూడా కనిపిస్తాయి, కళ్ళు మాత్రం తడిగా ఉంటాయి. కింది రెప్ప కొంచెం వణుకుతుంది. ఎదుటివాడు తన వైపే చూస్తున్నాడని తెలిసినప్పుడు మనం ఎలా ఉంటామో గుర్తు తెచ్చుకోండి, తల కదలదు, భుజం కదలదు, ఒళ్ళంతా బిగబట్టి కూర్చుంటాం, కళ్ళు మాత్రం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తిరుగుతుంటాయి. కదలని ముఖంలో కదిలే కళ్ళు. మామూలు నటి చేస్తే ముఖం మొత్తం నటించేస్తుంది. బొమ్మకి ఆ అవకాశం లేదు కాబట్టి భారమంతా కళ్ళ మీదే పడింది, అందుకే ఇంత గట్టిగా తగిలింది. టెక్నిక్ వేరు, కథ వేరు అన్న ఎడిటింగ్ కుర్రాడి మాటని నేను అస్సలు ఒప్పుకోను. ఇక్కడ ఆ కళ్ళే కథ.

యూనివర్సిటీ అమ్మాయికి ఆ కళ్ళు నచ్చలేదు. "బొమ్మలా ఉండి బొమ్మలా చూడకపోతే నాకు ఒళ్ళు జలదరించింది, సినిమాలోకి వెళ్ళలేకపోయాను" అంది. కొంతమందికి అలా అనిపించడం సహజమే. మీకూ మొదటి రెండు నిమిషాలు అలాగే అనిపిస్తే ఆపేయకండి, కాసేపటికి అలవాటవుతుంది.

ఇంక మా బాబాయి. ఆయన సినిమా చూసిన పద్ధతే వేరు. మొదట్నుంచీ చెవులు రిక్కించి వింటున్నారు. "ఆ సౌండ్ వింటన్నావా, అది జాయింట్ల మీద ఎల్లే బండి. ఇప్పుడు అలాటి సౌండ్ ఎక్కడుందమ్మా" అన్నారు. పూర్వం మన దగ్గర 13 మీటర్ల పట్టాల్ని ఫిష్ ప్లేట్లు అనే ఇనప పలకలతో ఒకదానికొకటి బిగించేవాళ్ళు, ప్రతి జాయింట్ దగ్గర చక్రం టక్కుమనేది, ఇప్పుడు పొడుగ్గా వెల్డింగ్ చేసేస్తున్నారు కాబట్టి ఆ చప్పుడు చాలావరకు పోయింది. బండి మధ్యలో ఆగిపోయిన సీన్‌లో మేమందరం తెర మీదకి చూస్తుంటే ఆయన మాత్రం ముందుకి వంగిపోయారు. చుట్టూ చీకటి, ఆగిన కారణం తెలీదు, స్టేషన్ కాదు. "సెక్షన్‌లో బండి ఆగిందంటే అదే భయం. చప్పుడు ఆగిపోద్ది చూడు, అప్పుడు మనకి మన గుండె వినబడద్ది" అన్నారు. గూడ్స్ బండి చివరి పెట్టెలో ఒక్కడే కూర్చుని కొత్తవలస కిరండూల్ లైన్లో రాత్రుళ్ళు వెళ్ళిన మనిషి ఆయన. అరకు దాకా సొరంగాల్లో మనం పగటిపూట కేకలు వేసుకుంటూ వెళ్తాం, రాత్రి అక్కడ సిగ్నల్ లేక బండి ఆగితే ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు. కథ అర్థమైందా బాబాయ్ అంటే "అర్థం అవ్వక్కర్లేదు, రైలు కరెక్టుగా తీశారు" అన్నారు.

ఇక్కడ ఒక మంచి విషయం చెప్పాలి. 2007లో ఈ సినిమాకి కాన్ ఫెస్టివల్ క్రిటిక్స్ వీక్‌లో రెండు బహుమతులొచ్చాయి, ఒకటి ఉత్తమ షార్ట్ ఫిల్మ్‌కిచ్చే కెనాల్ ప్లస్ అవార్డు, రెండోది 'పెతీ రాయ్ దోర్', అంటే చిన్న బంగారు పట్టా. ఆ రెండోది ఇచ్చేది ఎవరనుకున్నారు, సినిమాలంటే పిచ్చి ఉన్న ఫ్రాన్స్ రైల్వే ఉద్యోగులు! ఈ సంగతి చెప్పగానే మా బాబాయి ముఖం వెలిగిపోయింది, "మరి మన వాల్తేరు డివిజన్‌లో ఇలాటిది పెట్టరేటి" అని అడిగారు. నిజమే, పెట్టాలి. ఇంతమంది రైల్వే వాళ్ళున్న ఊరు మనది.

రాత్రి భాగం గురించి. ఆగిన బండిలోకి మత్తు పొగ వస్తుంది, అందరూ ఒరిగిపోతారు, ఎవరో లోపలికొచ్చి నిద్రలో ఉన్నవాళ్ళ ఒంట్లోంచి అవయవాలు తీసుకెళ్తారు. అపరిచితులు ఇచ్చిన తినుబండారాలు తినకండి అన్న అనౌన్స్‌మెంట్ వింటూ పెరిగిన వాళ్ళం మనం, మత్తు బిస్కెట్ల కథలు, కిడ్నీ ముఠాల వార్తలు మనకి కొత్త కాదు, అందుకే ఈ సీన్ మా అందరికీ ఫాంటసీలా కాకుండా పేపర్‌లో చదివిన వార్తలా అనిపించింది. సినిమాలో నాకు నచ్చనిది కూడా ఇక్కడే ఉంది. అప్పటిదాకా అంత ఓపిగ్గా, ఒక్కో చూపునీ నిలబెట్టి చూపించిన వాళ్ళు ఇక్కడికొచ్చేసరికి హడావిడి పడ్డారు. ఆ దొంగలు ఎవరు, ఎందుకొచ్చారు అనేది చెప్పకపోయినా ఫర్వాలేదు. కానీ టెన్నిస్ వాడితో మొదలుపెట్టిన భయానికీ ఈ దొంగలతో వచ్చిన భయానికీ ముడి వేయకుండా వదిలేశారు. మొదటిది ఒక ఆడమనిషి భయం, రెండోది పెట్టెలో అందరి భయం. ఒకటి రెండోదాన్ని మింగేసింది. ఇంకో రెండు నిమిషాలు తీసుకున్నా బాగుండేది అనిపించింది. పిన్ని దీనికి ఒప్పుకోలేదు, "నిద్ర పోకూడదు అని ఆవిడ అందుకే కదా భయపడింది, పడుకుంటే ఏమవుతుందో చూపించారు" అంది. ఆలోచిస్తే అదీ నిజమే, అయినా నా అసంతృప్తి నాకుంది.

అదే భాగంలో రక్తం కూడా కనిపిస్తుంది, మరీ ఎక్కువ కాదు గానీ ఉంది. స్నేహితురాలి చిన్నకొడుకు తలుపు సందులోంచి చూశాడని తర్వాత తెలిసింది, ఆ రాత్రి వాళ్ళమ్మ పక్కనే పడుకున్నాడట. బొమ్మలు కదా అని పిల్లలకి పెట్టకండి, గట్టిగా చెప్తున్నా.

చివర్లో ఆవిడ ఖాళీ అయిపోయిన బండిలో పెట్టె తర్వాత పెట్టె దాటుకుంటూ వెళ్తుంది, ఒక దీపం పురుగు కనిపిస్తుంది, తర్వాత వెలుగు. దీని మీద మా వాళ్ళు వాదించుకుంటూనే ఉన్నారు. యూనివర్సిటీ అమ్మాయి లెక్క ప్రకారం ఆవిడ ప్లాట్‌ఫామ్ మీద ఉన్నప్పటికే చనిపోయింది, ఆ సామానంతా వదులుకోలేని గతం, రైలు అంటే ఇక్కణ్ణుంచి అక్కడికి తీసుకెళ్ళేది. చాలామంది చూసేవాళ్ళు ఇలాగే అర్థం చేసుకుంటారనుకుంటా, సినిమా కూడా దానికి అడ్డు చెప్పదు. స్నేహితురాలి భర్త అంతా కల అన్నాడు, ఆ మాట ఎవరికీ రుచించలేదు, కల అంటే ఇంక మాట్లాడుకోవడానికి ఏముంది. పిన్ని మాత్రం చావు అనే మాటే ఒప్పుకోలేదు. అంత రాత్రి, అంత భయంలో, ఆవిడ దాక్కోవడం మానేసి లేచి నడిచింది, బండి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తన కాళ్ళతో తను వెళ్ళింది, అది చావైతే ఏంటి కాకపోతే ఏంటి అని. నేను పిన్ని వైపే. సినిమా మొదట్లో సీట్లో కుదించుకుపోయి కూర్చున్న మనిషికీ, చివర్లో నడిచే మనిషికీ తేడా ఆ కళ్ళల్లోనే ఉంది. భయం పోలేదు, అలాగే ఉంది, కానీ చూపు ఇప్పుడు తప్పించుకోవడం లేదు, నేరుగా ఉంది. దీపం పురుగు మంటలో పడి చస్తుందని మనందరికీ తెలుసు, అది తెలిసి కూడా ఆ చివరి నిమిషం నాకు విషాదంగా అనిపించలేదు.

అవార్డు సంగతి చెప్తానన్నాను కదా. 2008లో గెలిచింది 'పీటర్ అండ్ ద వుల్ఫ్', అదీ బొమ్మలతో తీసిందే, అందులోనూ మాటలుండవు, మంచి సినిమా, అందరికీ నచ్చుతుంది, ఇంటిల్లిపాదీ చూడొచ్చు. అదే ఏడాది అలెగ్జాండర్ పెత్రోవ్ అద్దం మీద ఆయిల్ పెయింట్‌తో గీసిన 'మై లవ్' కూడా పోటీలో ఉంది. గట్టి పోటీయే. అయినా నన్నడిగితే ఈ సినిమాకే ఇవ్వాల్సింది, ఎందుకంటే మిగతావి చూశాక బాగుంది అనుకున్నాను, దీన్ని చూశాక రాత్రి బండిలో నా ఎదురు బెర్త్ వాళ్ళు, వాళ్ళకి ఎదురుగా కూర్చున్న నేను, ఆ పెట్టెలో అందరూ గుర్తొచ్చారు.

5కి 4 ఇస్తా, తగ్గిన ఆ 1 రాత్రి భాగంలో హడావిడికి. చూసేటప్పుడు ఫోన్లో చూడకండి, కళ్ళు కనబడకపోతే ఈ సినిమాలో సగం పోయినట్టే, కనీసం ల్యాప్‌టాప్. గదిలో లైట్లు తీసేయండి. ఇయర్‌ఫోన్స్ ఉంటే మంచిది, మేము ఫ్యాన్ వేసుకుని చూస్తే మొదట్లో చిన్న చిన్న చప్పుళ్ళు పోయాయి, విశాఖ ఉక్కపోతలో ఫ్యాన్ ఆపమంటే ఎవరూ ఒప్పుకోలేదు, చివరికి బాబాయే లేచి ఆపేశారు. కుదిరితే ఒంటరిగా కాకుండా నలుగురితో చూడండి, అందులో రాత్రి ప్రయాణాలు బాగా చేసిన పెద్దావిడ ఒకరుండేలా చూసుకోండి, సినిమా అయ్యాక ముందు ఆవిణ్ణే అడగండి.